వేలికొస సున్నం

మా అత్తగారు సుమతిగారు అమెరికాలో మా ఊరు ఐసెలిన్‌కి రెండు సూట్‌కేసులతో, ఒక చేతిసంచీతో వచ్చారు. సూట్‌కేసుల్లో ఉన్నవన్నీ మాకోసం. చేతిసంచీలో ఉన్నదొక్కటే ఆవిడ కోసం. అది ఇత్తడి ఆకుల పెట్టె. అందులో వక్కలు, లవంగాలు, అడకత్తెర, మూత బిగించిన బుల్లి సున్నపు కాయ.

"ఎయిర్‌పోర్టులో అడకత్తెర చూసి ఆపలేదా అత్తయ్యగారూ?" అన్నాను.

"ఆపాడు నాయనా. ఇదేమిటన్నాడు. ఒక వక్క కత్తిరించి చూపించాను. వెళ్ళమన్నాడు."

తాంబూలం లేని భూలోకం ఆవిడకి పనికిరాదు. ఈ మాట నేను ఆవిడ ఎదురుగానే అన్నాను. ఆవిడ నవ్వలేదు. పదహారేళ్ళ అల్లుడరికంలో నా ఏ మాటకీ ఆవిడ నవ్వలేదు. నేను మాట విరిస్తే మా ఆవిడ ఉష ముఖం తిప్పుకుంటుంది, మా అమ్మాయి విద్య కళ్ళు తిప్పుతుంది, అత్తగారు మాత్రం వక్క తిప్పి రెండోవైపు కత్తిరిస్తారు. అయినా నేను మానను. నా పేరు శ్యామ్‌సుందర్. నా ఉద్యోగం పింగాణీ టైల్స్ చేసే కంపెనీ లాబ్‌లో. ఆఫీసులో ఎవరైనా "టైమెంత?" అంటే "టైలెంతో చెప్పగలను" అంటాను. అక్కడ వాళ్ళకి తెలుగు రాదు, నాకు సిగ్గు రాదు, అందుకని ఉద్యోగం నిలిచింది.

మాది రెండు పడకగదుల అపార్ట్‌మెంటు. విద్య అప్పుడు తొమ్మిదో క్లాసు. తన గదిలో సగం అమ్మమ్మకి ఇచ్చింది. ఇచ్చింది అనడం కంటే మేము ఇప్పించాం అనడం నిజం. మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక శనివారం విద్య స్నేహితురాలు జెనిఫర్ మా ఇంట్లో పడుకోవడానికి వచ్చింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి, సింకులో ఎర్రటి మరక చూసి, బయటికి వచ్చి అత్తగారి నోరు చూసి, వాళ్ళమ్మకి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమంది. ముసలావిడకి లోపల ఏదో చిట్లిందని ఆ పిల్ల భయం. వాళ్ళమ్మ పాపం ఏ డాక్టరు మంచివాడో కూడా చెప్పి వెళ్ళింది.

అప్పటినుంచి విద్య ఎవరినీ ఇంటికి పిలవలేదు. అమ్మమ్మతో దెబ్బలాడలేదు, మాట్లాడనూ లేదు. "గుడ్ నైట్ అమ్మమ్మా" అని అటు తిరిగి పడుకునేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, దీనికి తెలుగు సగమే వచ్చు, ఆ సగం కూడా తలుపు బయట వదిలేసి గదిలోకి వెళ్ళేది.

ఆ అక్టోబరులో ఎండగా ఉన్న ఒక ఆదివారం అందరం పార్క్‌వే మీద డ్రైవ్ చేసుకుంటూ సముద్రానికి వెళ్ళాం. అత్తగారిది బాపట్ల దగ్గర. సముద్రం ఆవిడకి కొత్త కాదు. ఒకసారి చూసి, "ఇదీ అంతే ఉంది" అని, వంగి, ఒడ్డున పడ్డ గుల్లలు ఏరి కొంగులో వేసుకోవడం మొదలెట్టారు.

విద్య చాలాసేపు దూరంనుంచి చూసింది. ఆపుకోలేక దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, ఎందుకు ఆ షెల్స్?"

"కాలిస్తే సున్నం అవుతాయే. ఆకులో రాసుకునేది ఇదే."

"ఇదా? నువ్వు రోజూ తినేది సీ షెల్సా?"

"కాల్చినాక అది షెల్లు కాదు."

"మరి?"

"సున్నం. కాలిస్తే తేలికైపోతుంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది."

విద్య ఒక గుల్ల అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూసింది. "తేలిక ఎందుకు అవుతుంది? ఏం పోయింది లోపలినుంచి?"

అత్తగారు ఆలోచించారు. "ఏమోనే. ఏదో పోతుంది. మళ్ళీ నీళ్ళు పోస్తే బరువెక్కుతుంది" అని ఇంకో గుల్ల ఏరుకున్నారు.

ఫ్రిజ్‌లో కోడిగుడ్డు పెట్టిన అర ముట్టని ఆవిడ డెబ్భై ఏళ్ళుగా నత్తల ఇళ్ళు తింటున్నారని నేను చాలా జోకులు వేశాను. గుల్లలు మూటకట్టి తెచ్చి వంటింటి బాల్కనీలో పోసినప్పుడు, ఇల్లు గుల్ల కావడమంటే ఇదే అని కూడా అన్నాను. ఎవరూ నవ్వలేదు. విద్య మాత్రం ఇంకా ఆ గుల్లనే చేతిలో తిప్పుతోంది.

చలికాలం నడిచింది. జనవరిలో స్కూల్లో సైన్స్ ఫెయిర్ ప్రకటించారు. విద్య తన ప్రాజెక్టు పేరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది: నలభై నాలుగు గ్రాములు ఎక్కడికి పోయాయి?

దాని లెక్క ఇది. గుల్ల అంటే కాల్షియం, కార్బన్, ఆక్సిజన్ ఒక పద్ధతిలో కూడుకున్న పదార్థం. బాగా కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. మిగిలేది పచ్చి సున్నం. అణువుల బరువులు పుస్తకంలో ఉన్నాయి. వాటినిబట్టి గుల్ల పొడి వంద గ్రాములు కాలిస్తే సున్నం యాభై ఆరు గ్రాములు మిగలాలి. మిగతా నలభై నాలుగూ గాలికి పోవాలి. పుస్తకం అలా అంటోంది. నిప్పు ఏమంటుందో చూడాలి.

వాళ్ళ టీచరు మిసెస్ నొవాక్ పెట్టిన షరతు ఒకటుంది: తల్లిదండ్రులు పెన్సిలు ముట్టుకోకూడదు. విద్య దానికి ఇంకొకటి కలిపింది.

"నాన్నా, నో జోక్స్ కూడా."

"అణువుల దగ్గర అణకువగా ఉంటానమ్మా."

"దట్ వాజ్ వన్."

మార్చి మొదట్లో విద్య గుల్లలు కడిగి, ఆరబెట్టి, గుడ్డసంచీలో వేసి సుత్తితో పొడిచేసింది. స్కూలునుంచి మూడు కడ్డీల త్రాసు ఒకటి అడిగి తెచ్చుకుంది. గ్రాములో పదో వంతు దాకా చెప్పే త్రాసు. ఫెయిర్ శనివారం. గురువారం సాయంత్రం నేను విద్యనీ త్రాసునీ మా లాబ్‌కి తీసుకెళ్ళాను. గుల్ల పొడి సరిగ్గా వంద గ్రాములు తూచి, టైల్స్ కాల్చే కొలిమిలో పెట్టి, తెల్లగా మండే వేడిలో కాల్చి, చల్లార్చి తూచాం. కొలిమి మీట నొక్కడం ఒక్కటే నా వంతు.

యాభై అయిదు పాయింట్ ఎనిమిది గ్రాములు.

విద్య త్రాసు ముల్లుని చూసింది, తన కాగితాన్ని చూసింది, మళ్ళీ ముల్లుని చూసింది. కాగితం మీద తను వేసిన అంకె నిప్పులోంచి నడిచి బయటికి వచ్చినట్టు దాని ముఖం. నాకు నాలుక చివర నాలుగు మాటలు తిరిగాయి. నలభై నాలుగు గ్రాముల్లాగే వాటినీ గాలికి వదిలేశాను.

ఇంటికి తెచ్చి సున్నం ఒక గాజు సీసాలో పోసి, మూత బిగించి, మీద కాగితం అంటించింది: డు నాట్ టచ్. ఆ ఇంట్లో ఆ హెచ్చరిక అవసరమైన మనిషి ఒక్కరే. ఆవిడకే ఇంగ్లీషు రాదు. ఇది ఆ క్షణాన మా ఎవరికీ తట్టలేదు. తన బల్ల నిండా ప్రాజెక్టు అట్టలూ రంగులూ పరచి ఉండటంవల్ల విద్య ఆ సీసాని గదిలో అమ్మమ్మవైపు అలమారు మీద, సరిగ్గా ఆకుల పెట్టె పక్కన పెట్టింది.

రాత్రి భోజనం దగ్గర ఉష అడిగింది. "ఎల్లుండి అమ్మని కూడా తీసుకెళ్దామా?"

విద్య అన్నం కలుపుతూ, "అమ్మమ్మకి బోర్ కొడుతుంది" అంది.

ఎవరికి ఏం కొడుతుందో అందరికీ అర్థమైంది. అత్తగారు తలెత్తకుండా, "నాకెందుకమ్మా అక్కడ" అన్నారు.

శుక్రవారం నేను ఆఫీసునుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మా ఇంట్లో నిశ్శబ్దం నేను లేనప్పుడు ఉంటుంది. నేను వచ్చాక కూడా ఉందంటే ఏదో అయింది. వంటింట్లో బల్ల మీద స్టీలు గిన్నె. అందులో తెల్లగా, మెత్తగా, వెన్నలాంటి సున్నం. పక్కన ఖాళీ గాజు సీసా. విద్య పుస్తకాల సంచీ భుజానుంచి దింపకుండానే నిలబడి ఉంది. అత్తగారి ముఖం వెలిగిపోతోంది.

"రండి నాయనా. చూశారా మీ అమ్మాయి చేసిన పని? నా కోసం సున్నం కాల్చింది. నాకు చెప్పనన్నా చెప్పలేదు, పెట్టె పక్కన పెట్టి బడికి వెళ్ళింది. పాపం చివరి పని తెలియక పచ్చిదే పెట్టింది. పచ్చి సున్నం నోట్లో వేసుకుంటే నాలుక ఉడికిపోదూ? అందుకని నేనే నీళ్ళు పోసి చల్లార్చాను. ఎంత బాగా ఉడికిందనుకున్నారు. కుతకుతమని గిన్నె కాలిపోయింది. ఆ షాపు ట్యూబులో సున్నం తిని తిని గొంతు గీరుకుపోయింది. ఇలాంటిది చూసి ఎన్నాళ్ళయిందో."

నేను విద్యవైపు చూశాను. అది గిన్నెవైపు చూస్తోంది.

"షి రూయిన్డ్ ఇట్" అంది నాతో. గొంతు పెద్దది చెయ్యలేదు. తర్వాత అమ్మమ్మవైపు తిరిగి, తనకొచ్చిన తెలుగులో, స్పష్టంగా అంది. "అది నీకు కాదు."

అత్తగారికి మొదట అర్థం కాలేదు. "నాకు కాకపోతే ఇంకెవరికే? ఇంట్లో వేసుకునేది నేనే కదా."

"స్కూల్‌కి. రేపు."

"బడికి సున్నం ఎందుకమ్మా?"

విద్య బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అత్తగారు నావైపు చూశారు. నేను సైన్స్ ఫెయిర్ అంటే ఏమిటో, తూకం ఎందుకో నాలుగు మాటల్లో చెప్పాను. చెబుతుండగా ఆవిడ ముఖంలో వెలుగు తగ్గుతూ వచ్చింది. లోపలికి వెళ్ళి ఆకుల పెట్టె తెచ్చారు. అందులోంచి సున్నపు కాయ తీసి, అందులోకి కొత్తగా నింపుకున్న సున్నాన్నంతా వేలితో గీరి గీరి మళ్ళీ గిన్నెలో వేశారు. వేలు కూడా గిన్నె అంచుకి తుడిచారు. పెట్టె మూత వేసి, చీర కొంగుతో ఒకసారి తుడిచి, అలమారు పై అరలో పెట్టి వచ్చారు.

"ఇంక వేసుకోన్లే నాయనా. ఆ ఎరుపు చూస్తే పిల్లకి కష్టంగా ఉంది. నాకు తెలియక కాదు."

నాకు సున్నంలోకి ఎముక మిగలకుండా ఎవరో కొట్టినట్టయింది. ఈ వాక్యంలో సున్నం ఉందన్న సంగతి కూడా నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. మళ్ళీ కాలుద్దామంటే కొలిమి సోమవారం దాకా తెరవరు.

బాల్కనీలోకి వెళ్ళాను. విద్య చలిలో కింద కూచుని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది.

"నో జోక్స్" అంది.

"లేవు. స్టాకు అయిపోయింది." పక్కన కూచున్నాను. "ఒక్క ప్రశ్న అడగొచ్చా? పెన్సిలు ముట్టుకోను."

అది తలూపింది.

"గుల్లలోంచి ఏదో గాలికి పోయింది. అది ఎంతో నువ్వు లెక్క కట్టావు. ఇవాళ అమ్మమ్మ పోసిన నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"సున్నంలోకి."

నేను ఊరుకున్నాను. నాకు ఊరుకోవడం ఎంత కష్టమో మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

కాసేపటికి విద్య తలెత్తింది. "అన్నీనా?"

"నాకేం తెలుసు?"

"కొన్ని రియాక్ట్ అవుతాయి. మిగతావి ఊరికే తడి. తడి ఆరబెడితే..." అని ఆగి, లేచి నిలబడింది. "ఆరబెడితే ఆ రియాక్ట్ అయిన నీళ్ళు మాత్రం ఉంటాయి. నాన్నా, అది కూడా ముందే లెక్క కట్టొచ్చు."

వంటింటి బల్ల దగ్గర కూచుని లెక్క మొదలెట్టింది. నేను ఎదురుగా కూచుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. సున్నం ఒకటి, నీరు ఒకటి, కలిస్తే తడిసిన సున్నం ఒకటి అని సమీకరణం రాసింది. బాగుంది. తర్వాత, ఒకటికి ఒకటి కాబట్టి యాభై అయిదు పాయింట్ ఎనిమిది గ్రాముల సున్నానికి అంతే బరువు నీళ్ళు అని రాసింది. కూడితే నూట పదకొండు దాటింది. దాని నుదురు ముడిపడింది. నా నాలుక పళ్ళ మధ్య నలిగింది.

ఉష అప్పుడే ఆఫీసునుంచి వచ్చి కాఫీ పెట్టింది. నాకు కాఫీ తర్వాత కిళ్ళీ చుట్టి ఇవ్వడం అత్తగారికి అలవాటు. తనకి మానేసినా అల్లుడికి మానలేదు. పై అరలోంచి పెట్టె మళ్ళీ దింపి, బల్ల చివర కూచుని, ఒక ఆకు తీసి తొడిమ తుంచి, ఒక వక్క ఎంచి అడకత్తెరలో పెట్టారు. విద్య చూపు లెక్కమీంచి అటు వెళ్ళింది. ఆకు మీద ఆగింది. వక్క మీద ఆగింది.

"అమ్మమ్మా."

అత్తగారు ఉలిక్కిపడ్డట్టు చూశారు.

"ఒక లీఫ్‌కి ఒక వక్కా?"

"ఆ. ఒకటికి ఒకటి."

"కానీ వక్క హెవీ కదా. లీఫ్ ఏమీ బరువు లేదు."

"అయితే ఏం? ఒకటికి ఒకటంటే లెక్కకి ఒకటి. తూకానికా? ఆకంత బరువు వక్క వెయ్యాలంటే గోరంత ముక్క కూడా రాదు."

విద్య రెండు నిమిషాలు ఆ ఆకునే చూసింది. తర్వాత చెయ్యి చాచి, ఆకు తీసుకుని త్రాసులో వేసింది. తీసి వక్క వేసింది. తన కాగితం మీద ఆ నూట పదకొండుని అడ్డంగా కొట్టేసింది.

"ముందు ఎన్ని ఉన్నాయో చూడాలి" అంది. ఎవరితో అందో తెలియదు. "బరువులో కాదు. ఎన్ని. తర్వాత ఒక్కోదాని బరువు."

రసాయనశాస్త్రంలో దీనికి మోల్ అని ఒక కొలత ఉంది. జత, డజను, మోల్, అన్నీ లెక్కించే సంచులే. సంచి చాలా పెద్దది, అంతే తేడా. సున్నం ఒక మోల్ తూస్తే యాభై ఆరు గ్రాములు, నీళ్ళు ఒక మోల్ తూస్తే పద్దెనిమిది. ఈ మోల్‌ని పట్టుకుంటే మూలమంతా దొరుకుతుంది. ఇది నేను పైకి అనలేదు, ఇక్కడే మొదటిసారి అంటున్నాను. విద్య తన దగ్గర మోల్‌కి ఒక్క పిసరు తక్కువ సున్నం ఉందని తేల్చి, దానికి సరిపడే నీళ్ళు పద్దెనిమిది గ్రాములకి ఒక పిసరు తక్కువని తేల్చి, రెండూ కూడింది. డెబ్భై మూడు పాయింట్ ఏడు గ్రాములు. దాని కింద రెండు గీతలు గీసింది.

గిన్నెలో సున్నాన్ని పల్చగా పళ్ళెంలో పరచి, సీసా కడిగిన నీళ్ళూ గరిటె కడిగిన నీళ్ళూ అందులోనే పోసి, సన్నటి సెగమీద అవెన్‌లో పెట్టింది. నీళ్ళు వదిలి, బెడ్డలు కట్టి, పొడి అవుతుంటే మధ్యమధ్య తీసి తూచింది. తూకం దిగుతూ, దిగుతూ, ఒకచోట దిగడం మానేసింది.

డెబ్భై మూడు పాయింట్ రెండు గ్రాములు.

అర గ్రాము తక్కువ.

ఇంకోసారి తూచింది. అంతే. ఇంకొంచెం ఆరబెట్టి తూచింది. అంతే. పళ్ళెం అంచులు గీరింది. "ఎక్కడికి పోయింది?" అంది. "జడ్జ్ అడుగుతారు. ఎయిర్‌లోకి పోవడానికి ఇప్పుడేమీ లేదు."

అర గ్రాముకి ఎవరూ ఉరి తియ్యరని చెప్పబోయాను. ఉష నా కాలు తొక్కింది.

అప్పుడు అత్తగారు, బడిలో చెయ్యెత్తిన పిల్లలా మెల్లగా, "నేను రెండు కిళ్ళీలు వేసుకున్నానే" అన్నారు. "మధ్యాహ్నం. నువ్వు వచ్చేలోపల. నీ సున్నమే కదాని."

విద్య ఆవిడని చూసింది. "తిన్నావా?"

"తిన్నాను."

"ఎంత?"

"ఇంత." అత్తగారు చూపుడువేలి కొస చూపించారు.

"ఇంత అంటే ఎంత?"

"ఇంతంటే ఇంతేనమ్మా. ఒక కిళ్ళీకి ఒక వేలికొస. ఎప్పుడూ అంతే. ఎక్కువైతే నోరు పొక్కుతుంది, తక్కువైతే పండదు."

విద్య ముఖం ముందు బిగుసుకుంది, తర్వాత ఎక్కడో సడలింది, తర్వాత నవ్వొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఓకే" అంది. "అయితే తూద్దాం."

రేకు కాగితం ముక్క ఒకటి తూచి పరిచింది. పొడిలోంచి కొంచెం తీసి మళ్ళీ తడిపింది. అత్తగారి పక్కన కూచుని, ఆవిడ చూపుడువేలు తన చేత్తో పట్టుకుని సున్నంలో ముంచి, "ఆకు మీద ఎలా రాస్తావో అలా" అంది. ఆవిడ రాశారు. "మళ్ళీ." మళ్ళీ రాశారు. "ఎక్కువ వద్దు, రోజూలాగా." "రోజూలాగానే రాస్తున్నానే. నువ్వు వేలు అంత గట్టిగా పట్టుకుంటే వంకరగా వస్తోంది." "సారీ." ఒక వరస పూర్తయ్యేసరికి రేకు మీద పది తెల్లటి వేలిముద్రలు. ఆరబెట్టి తూచి పదితో భాగిస్తే ఒక్కొక్కటి పావు గ్రాము.

రెండు కిళ్ళీలు. అర గ్రాము.

"వావ్" అంది విద్య. అత్తగారి వేలుని ఇంకా వదల్లేదు. "అమ్మమ్మా, నీ ఫింగర్ ఈజ్ సో ఎగ్జాక్ట్."

"ఏమంటోంది?" అన్నారు ఆవిడ నాతో.

నేను చెప్పబోయాను. విద్య నన్ను ఆపి, మాటలు వెతుక్కుంది. "నీ వేలు... కరెక్ట్. నీ వేలు మంచి త్రాసు."

అత్తగారు తన వేలుని తానే ఒకసారి చూసుకున్నారు.

రేకు మీద సున్నం గీరి సీసాలో చేర్చి, విద్య అట్ట మీద రాయడం మొదలెట్టింది. పాత పేరు అలాగే ఉంచి, దాని కింద ఇంకొకటి రాసింది: పద్దెనిమిది ఎక్కడినుంచి వచ్చాయి? వంద, యాభై ఆరు, డెబ్భై నాలుగు అని మూడు గడులు గీసి మధ్య బాణాలు వేసింది. కిందన లోపాలు రాసే చోట, అర గ్రాము, అమ్మమ్మ తిన్నది అని ఇంగ్లీషులో రాసి, కలం ఆపింది.

"అమ్మమ్మ రావాలి రేపు" అంది అట్టవైపే చూస్తూ. "ఇది జడ్జ్ నమ్మరు. వేలు చూపించాలి."

అత్తగారికి ఉష చెప్పింది. ఆవిడ కొంగుతో పెదవులు ఒకసారి తుడుచుకున్నారు. "పొద్దున్నే నోరు బాగా కడుక్కుంటాను. పుల్లతో తోముకుంటే ఆ ఎరుపు కొంత పోతుంది" అన్నారు.

విద్య తలెత్తింది. ఈ తెలుగు దానికి పూర్తిగా అర్థమైంది. చెవులదాకా ఎర్రబడింది.

"వద్దు" అంది. "ఎలా ఉన్నావో అలా రా."

శనివారం స్కూలు జిమ్ నిండా బల్లలు. విద్య బల్ల పక్కన ఒక అబ్బాయి పెట్టిన అగ్నిపర్వతం అప్పుడప్పుడూ పొంగుతోంది. అత్తగారు నేత చీర మీద ఉష కోటు వేసుకుని, మడత కుర్చీలో ఆకుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. జడ్జ్ తెల్లగడ్డం పెద్దాయన. లెక్కలన్నీ ఓపిగ్గా చదివి, చివరి గడి దగ్గర కళ్ళజోడు సర్దుకున్నాడు.

"దిస్ హాఫ్ గ్రామ్. యువర్ గ్రాండ్‌మదర్ ఏట్ ఇట్?"

"యెస్ సర్. దిస్ ఈజ్ హర్" అంది విద్య. అమ్మమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "షి మెజర్స్ విత్ హర్ ఫింగర్. షి విల్ షో యు. అమ్మమ్మా, ఒక్కటి రాయి."

అత్తగారు ఆకు తీశారు, తొడిమ తుంచారు, సీసాలోంచి కొంచెం తీసి తడిపి, వేలికొసతో ఆకు మీద రాశారు. జడ్జ్‌తోపాటు చుట్టుపక్కల బల్లలవాళ్ళు కూడా వచ్చి చూశారు. అగ్నిపర్వతం అబ్బాయి కూడా వచ్చాడు. అది పొంగి, చూసేవాళ్ళు లేక ఊరుకుంది. జడ్జ్ ఆవిడకి చెయ్యి ఇచ్చాడు. ఆవిడ సున్నం చెయ్యి ఇవ్వలేక, ఎడంచెయ్యి ఇవ్వడం మర్యాద కాదని, నమస్కారం పెట్టారు. పెట్టి నవ్వారు. ఎర్రగా, నోటినిండా.

విద్య ఆ నవ్వుకి పక్కకి జరగలేదు.

మొదటి బహుమతి అగ్నిపర్వతానికి వచ్చింది. మాకు ఒక ఆకుపచ్చ రిబ్బను వచ్చింది. తాంబూలానికి ఆకుపచ్చే అందమని అన్నాను. కారులో వెనకసీటులో అమ్మమ్మా మనవరాలూ ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు, నా మాట ఎవరి చెవినీ పడలేదు.

ఇంటికి వచ్చాక విద్య కోటు కూడా విప్పకుండా గదిలోకి వెళ్ళింది. ఆకుల పెట్టెలోంచి సున్నపు కాయ తీసింది. సీసా మీద కాగితం గోటితో పీకేసింది. చెంచాతో పొడి తీసి, కాయలో నింపి, నాలుగు చుక్కలు నీళ్ళు పోసి, అమ్మమ్మ కలిపినట్టే పుల్లతో కలిపి, మూత బిగించి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది నీకు" అంది. సీసావైపు చూపించి, "అది కూడా. అంతా."

అత్తగారు కాయ మూత తీసి చూశారు. నీళ్ళు ఒక చుక్క ఎక్కువైందని నాకే తెలుస్తోంది. ఆవిడ మాత్రం వేలికొసతో తీసి, ఆకు మీద రాసి, మంచం మీద మనవరాలిని పక్కన కూచోబెట్టుకుని తనకోసం చుట్టుకున్నారు.

"నాకు?" అంది విద్య.

"అమ్మా, దానికి వద్దు, నోరు పొక్కుతుంది" అని ఉష వంటింట్లోంచి అంది.

"నాకు తెలియదూ ఎంత వెయ్యాలో" అన్నారు అత్తగారు. ఆకులో చిన్న ముక్క చింపి, వక్క ఒక పలుకు వేసి, సున్నం వేలితో కాకుండా గోటి చివరతో తాకించి, బఠాణీ గింజంత చుట్టి దాని నోట్లో పెట్టారు.

విద్య నమిలింది. ముఖం చిట్లించింది. అయినా నమిలింది. లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి అద్దం ముందు నాలుక చాపి, ఎడాపెడా తిప్పి చూసుకుంది. కాసేపటికి హాల్లో ఫోన్ దగ్గర దాని గొంతు వినిపించింది. నోట్లో కిళ్ళీ ఉండటంవల్ల మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి.

"జెనిఫర్? కెన్ యు కమ్ ఓవర్? నో, నథింగ్ హాపెన్డ్. ఐ వాంట్ యు టు మీట్ మై గ్రాండ్‌మదర్."